గెబ్‌హార్ట్ వినని మూడు చప్పుళ్ళు

పి-8 రకం ఆవిరి ఇంజన్ల మీద పుస్తకాలు చాలా వచ్చాయి. ప్రష్యా రాజ్యం ఉన్న రోజుల్లో, 1906లో మొదటిది పట్టాలెక్కిందనీ, ప్రయాణికుల బళ్ళు లాగడానికి మూడువేలకు పైగా కట్టారనీ, మొదటి యుద్ధం ఓడాక వందల ఇంజన్లను గెలిచినవాళ్ళకి అప్పగించారనీ, మిగిలినవి రెండో యుద్ధాన్ని కూడా దాటుకొచ్చి మొన్నమొన్నటిదాకా జర్మనీలోని మా నెకార్ నది లోయలో బళ్ళు లాగాయనీ వాటిలో ఉంటుంది. చక్రాల కొలతలు కూడా ఉంటాయి. వాటిని నడిపినవాళ్ళ చెవుల సంగతి మాత్రం ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు. అందుకే గెబ్‌హార్ట్ మౌటె గురించి నేను రాస్తున్నాను.

నా పేరు ఊర్సెల్. ఇంజన్ షెడ్డు కాంటీన్‌లో సూపు వడ్డించేదాన్ని. సిబ్బంది సంఘంలో సభ్యురాలిని. మా కాంటీన్‌లో ఎవరూ మెల్లగా మాట్లాడరు. కొత్తగా వచ్చినవాళ్ళు ఏదో కొట్లాట జరుగుతోందనుకుని గుమ్మంలోనే ఆగిపోయేవారు. కొట్లాట కాదు, ఉప్పు అందించమని అడుగుతున్నారంతే. రోజంతా వాళ్ళు ఉండేది ఇనప గదిలాంటి ఇంజన్‌లో. వీపు వైపు గోడ ఉండదు, ముందు మంట, కింద రాడ్ల మోత, నెత్తిన కూత. పి-8 వేగం పెరిగితే ఎడాపెడా ఊగేది. ఇంకా జోరుగా పోవాలని కట్టారట, ఊపుడు చూసి హద్దు తగ్గించారట. ప్రయాణికుల క్షేమం కోసం వేగానికి హద్దు పెట్టారు. మనిషి చెవిలో పడే మోతకి హద్దు పెట్టాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

గెబ్‌హార్ట్ వాటిలో ఒక ఇంజన్‌కి చాలా ఏళ్ళుగా డ్రైవరు. వయసులో అది ఆయన కన్నా కాస్త చిన్నది. పొట్టి మనిషి, వెడల్పాటి చేతులు, మాట తక్కువ. మాట తక్కువని మేమనుకున్నాం. నిజానికి ఎదుటివాళ్ళు ఏమన్నారో తెలియక ఊరుకునేవాడు. పెదాలు చూసి సగం, అలవాటు కొద్దీ సగం పోల్చుకునేవాడు. ఇంట్లో భార్య రోజీనా చెప్పిందే చెప్పి, గొంతెత్తి మళ్ళీ చెప్పేది. కింది వాటాలో కాపురం ఉండేవాళ్ళు, పాపం ఎప్పుడూ పోట్లాడుకుంటారు అనుకునేవాళ్ళు.

మరి చెవులకి పరీక్ష లేదా అంటే, ఉంది. రైల్వే డాక్టరు గదికి ఆ చివర నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, గుసగుసగా అంకెలు చెప్తాడు. ఇవతల డ్రైవరు తిరిగి చెప్పాలి. ఆయన ఎప్పుడూ ఒకే వరసలో అవే అంకెలు చెప్పేవాడు. మా షెడ్డులో ఎక్కాలు రానివాళ్ళు ఉన్నారేమో గానీ ఆ అంకెలు రానివాడు లేడు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకి నేర్పేవారు. చెవి పోయిందని తేలితే ఇంజన్ దిగి చీపురు పట్టాలి. అందుకని ఒకళ్ళనొకళ్ళు కాపాడుకుంటున్నాం అనుకున్నారు. డాక్టరుకి ఈ సంగతి తెలియదంటే నేను నమ్మను.

గెబ్‌హార్ట్ చెవులు దాదాపు పోయాయని షెడ్డులో తెలిసినవాడు ఒక్కడే, ఇంజన్‌లో బొగ్గు వేసే ఫైర్‌మన్ లోతార్. పెళ్ళయి ఇద్దరు పిల్లలున్నవాడు, నోరు గలవాడు. దారిలో ప్రతి సిగ్నల్‌నీ ఇద్దరూ చూసి పైకి చెప్పుకోవాలని నియమం. ఎడమ మలుపుల్లో బాయిలర్ అడ్డం వస్తుంది కాబట్టి డ్రైవరుకి సిగ్నల్ కనబడదు, ఫైర్‌మన్ కేకే దిక్కు. లోతార్ కేక వేసేవాడు, దానితోపాటు ఆయన భుజం తట్టేవాడు. దారి ఇచ్చారంటే ఒక తట్టు. ఆపాలంటే భుజం గట్టిగా పట్టుకోవడం. అలా రెండేళ్ళు నడిచింది. అది స్నేహమే. తప్పు కూడా. రెండూ ఒకే పనిలో ఉండొచ్చని నాకు ఆ ఏడాదే అర్థమయింది.

1973 శరత్కాలం. వచ్చే వసంతంలో పి-8లన్నీ తీసేస్తారని ఖాయమైంది. గెబ్‌హార్ట్‌కి కూడా అప్పుడే ఉద్యోగ విరమణ. ఆయన కోరుకున్నది ఒక్కటే. తన ఇంజన్ ఆఖరి బండిని తనే లాగి, షెడ్డులో తనే మంట ఆర్పి, దానితో కలిసి దిగిపోవాలి. రోజీనా ఆ రోజుకి ఇంజన్ ముందు కట్టడానికి దేవదారు కొమ్మల దండ ఎవరు అల్లాలో కూడా మాట్లాడి పెట్టుకుంది.

అక్టోబరులో ఒక ఉదయం లోయంతా పొగమంచు. సొరంగానికి ఇవతల కొండ చరియ జారి పట్టాల మీద రాళ్ళు పడ్డాయి. లైను చూసుకునే ఔగుస్టిన్ పరుగెత్తి, బండి వచ్చే వైపు పట్టాలకి మూడు పటాసులు బిగించాడు. చక్రం ఎక్కగానే పేలే బిళ్ళలవి. ఆ చప్పుడు వింటే డ్రైవరు ఇంకేమీ ఆలోచించకుండా బండి ఆపాలి. ఆ బళ్ళో గడియారాల ఫ్యాక్టరీకి పోయే ఆడవాళ్ళు, బడిపిల్లలు ఉన్నారు. మూడు పటాసులూ పేలాయి. వెనక పెట్టెల్లో పిల్లలు కూడా విని కేకలు పెట్టారట.

లోతార్ వంగి బొగ్గు వేస్తున్నాడు. మొదటి పేలుడుకే తల ఎత్తాడు. గెబ్‌హార్ట్ కిటికీలోంచి తల బయటపెట్టి మంచులోకి చూస్తున్నాడు. ఆ మొహం చాలా ప్రశాంతంగా ఉందని లోతార్ తర్వాత నాకు చెప్పాడు. "ఆ మొహం చూస్తే నాకు చలి పుట్టింది ఊర్సెల్" అన్నాడు. పార పడేసి, అవతలికి దూకి, బ్రేకు తనే తిప్పేశాడు.

బండి ఒరుసుకుంటూ ఆగింది. గెబ్‌హార్ట్‌కి కోపం వచ్చింది.

"ఒరేయ్, పిచ్చెక్కిందా? నా బ్రేకు నువ్వు ముడతావా?"

లోతార్ వేలెత్తి ముందుకి చూపించాడు. మంచులో రాళ్ళు దగ్గరగా, మెల్లగా తేలాయి. ఔగుస్టిన్ రొప్పుతూ పరుగెత్తుకొచ్చి, మెట్టెక్కి గెబ్‌హార్ట్ చెయ్యి రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

"నువ్వు బంగారం, మేస్త్రీ! మూడోది పేలకముందే బ్రేకు పడింది, నేను విన్నా. నా కూతురు ఈ బళ్ళోనే ఉంది. ఏం చెవులయ్యా నీవి!"

ఆ మాటలు గెబ్‌హార్ట్ అతని పెదాల మీద చదివాడు. తన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

రాళ్ళు తీశారు, బండి కదిలింది, కబురు మా కన్నా ముందు డివిజన్ ఆఫీసుకి చేరింది. చురుకైన డ్రైవరుకి సన్మానం చేస్తామన్నారు. మధ్యాహ్నం భోజనాల వేళ, మా కాంటీన్‌లోనే. ఒక ప్రశంసాపత్రం, ఒక పూలగుత్తి, ఒక గోడ గడియారం. ఆలుగడ్డ సలాడూ సాసేజీలూ నేను చెయ్యాలి.

ఆ ముందు రోజు నేను ఆలుగడ్డలు ఒలుస్తుంటే వాళ్ళిద్దరూ మూల బల్ల దగ్గర కూర్చున్నారు. రహస్యం మాట్లాడుకోవాలని వచ్చారు. ఒకడికి చెవుడు కాబట్టి రహస్యం మొత్తం నాకు వినబడింది.

"తల ఊపు, చెయ్యి కలుపు, పూలు పట్టుకో. అంతే కదా మేస్త్రీ!" అంటున్నాడు లోతార్. "వసంతం ఎంత దూరం? ఇంజనూ పోతుంది, నువ్వూ పోతావు. దొరలా దిగుతావు."

"ఔగుస్టిన్ నా చెయ్యి పట్టుకున్నాడు రా."

"పట్టుకుంటే?"

"వాడి కూతురు ఉంది బళ్ళో."

"బతికే ఉందిగా! నిన్న చూశా, ఐస్‌క్రీం తింటోంది."

"నీవల్ల బతికింది. నువ్వు బొగ్గు గుట్ట వెనక ఉండుంటే? నీ చెయ్యి బ్రేకుకి అందకపోయుంటే?"

"ఉండుంటే గిండుంటే అనకు. నువ్వు చెబితే నేనేమవుతాను? రెండేళ్ళుగా దాచానని నన్ను పట్టుకుంటారు. నేను డ్రైవరు పరీక్షకి కూర్చోవాలి, గుర్తుందా?"

గెబ్‌హార్ట్ ఆ మాటకి తల దించుకున్నాడు. లోతార్ అప్పుడు లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆయన కళ్ళెదురుగా వంగాడు, పెదాలు కనబడేలా.

"పోనీలే. నీకెలా తోస్తే అలా చెయ్యి. నేను అలగను. కాస్త అలుగుతాను, మళ్ళీ వస్తాను."

నేను కళ్ళు తుడుచుకుంటూ ఉల్లిపాయల మీద వంక పెట్టుకున్నాను గానీ, అప్పటికింకా ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టలేదు.

మర్నాడు కాంటీన్ నిండింది. ఔగుస్టిన్ తన కూతుర్ని కూడా తీసుకొచ్చాడు. రోజీనా చర్చికి వేసుకునే నీలం కోటు వేసుకొచ్చింది. డివిజన్ అధికారి సన్నటి గొంతుతో మాట్లాడాడు. అప్రమత్తత అన్నాడు, సంప్రదాయం అన్నాడు, ఇంజన్‌కీ మనిషికీ ఉండే బంధం అన్నాడు. గెబ్‌హార్ట్‌కి అందులో ఒక్క ముక్క వినబడలేదని నాకు తెలుసు. ఆయన అధికారి కేసి చూడటం లేదు. ఔగుస్టిన్ కూతురి కేసి చూస్తున్నాడు. జడలోంచి ఊడిన రిబ్బను ఆ పిల్ల పళ్ళతో పట్టుకుని మళ్ళీ కట్టుకుంటోంది.

పూలు ఇచ్చారు. గెబ్‌హార్ట్ వాటిని తీసుకుని లోతార్ ఒళ్ళో పెట్టాడు.

"పటాసులు నేను వినలేదు" అన్నాడు. చెవిటివాళ్ళకి తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు, గోడలు అదిరాయి. "మూడూ వినలేదు. బ్రేకు వేసింది వీడు. నాకు వినబడక చాలా కాలమయింది."

అధికారి నవ్వాడు. "మౌటె గారు చమత్కారులు" అన్నాడు.

గెబ్‌హార్ట్‌కి అదీ వినబడలేదు. ఆ నవ్వు చూసి తన మాట అర్థం కాలేదనుకున్నాడు కాబోలు, మళ్ళీ మొదట్నించీ చెప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఔగుస్టిన్ కూతురి భుజం మీద చెయ్యి వేసుకుని నిలబడిపోయాడు. అతని మొహంలో కోపం వచ్చి, ఎవరి మీదో తేల్చుకోలేక ఆగిపోయింది.

అధికారి లోతార్ వైపు తిరిగాడు. "మీకు ముందే తెలుసా? తెలిసీ దాచారా?"

అప్పుడు నేను గరిటె పక్కన పెట్టి మాట్లాడాను. "అయ్యా, వాళ్ళని తర్వాత అడుగుదురు గాని. ఇప్పుడు మీరు మాట్లాడిందంతా ఈ గదిలో ఎంతమందికి వినబడిందో ముందు అడగండి."

ఆయన అడగలేదు. అడిగి ఉంటే మా డ్రైవర్లలో సగంమంది "ఆఁ?" అనేవాళ్ళు.

అదే రోజు గెబ్‌హార్ట్‌ని ఇంజన్ మీంచి దించేశారు. దించడం న్యాయమే, నేను కాదనను. పిల్లలున్న బండిని వినబడని మనిషి చేతిలో పెట్టకూడదు. కానీ ఆ చెవులు ఎక్కడ పోయాయి? పుట్టుకతోనే లేవా? వాటిని తిన్నవాళ్ళు ఆయన చేతిలో చీపురు పెట్టి, వయసు మీద పడిందని రాసి పంపారు. పనివల్ల వచ్చిన జబ్బుగా ఒప్పుకోవాలని మేం అర్జీ పెట్టాం, కొట్టేశారు. మళ్ళీ పెట్టాం. ఈసారి మా డ్రైవర్లు ఇంకొందరు వేరే ఊరి డాక్టరు దగ్గరికి పోయి, యంత్రంతో పరీక్ష చేయించుకుని, ఉన్నది ఉన్నట్టు రాయించుకొచ్చారు. ఒక్కొక్కరు తమ ఇంజన్‌ని పణంగా పెట్టి ఆ పని చేశారు. లోతార్‌కి డ్రైవరు పరీక్ష ఒక ఏడాది వెనక్కి పోయింది. అలిగాడు, చెప్పినట్టే మళ్ళీ వచ్చాడు.

వసంతంలో ఆఖరి బండి వెళ్ళింది. ఇంకెవరో డ్రైవరు నడిపాడు. ఊరూరి నుంచి కెమెరాలు పట్టుకుని జనం వచ్చారు, పొలాల్లో కంచెలు తొక్కుకుంటూ పరుగులు తీశారు. గెబ్‌హార్ట్ స్టేషన్‌కి రాలేదు. పెరట్లో బంగాళదుంపలు నాటుకున్నాడు. పొగ కనబడింది, చూశాను అన్నాడు, అంతే.

అర్జీ ఎండాకాలం చివర ఒప్పుకున్నారు. దానితోపాటు చెవికి పెట్టుకునే మిషను కూడా మంజూరయింది. నేనూ లోతారూ గెబ్‌హార్ట్ ఇంటికి వెళ్ళిన రోజు ఆయన దాన్ని మొదటిసారి పెట్టుకున్నాడు. చెంచా పళ్ళేనికి తగిలితే ఉలిక్కిపడ్డాడు. కుర్చీ జరిపితే ఉలిక్కిపడ్డాడు. రోజీనా ఎదురుగా కూర్చుంది.

"ఏమయ్యా, వినిపిస్తోందా?"

"అరవకే."

"అరవడం లేదు. ఇదే నా గొంతు."

ఆయన ఆమెను అలాగే చూశాడు. రోజీనా పెళ్ళికి ముందు చర్చిలో పాడేదట. ఆ సన్నటి గొంతు విని తన వెంటపడ్డాడని ఆమే చెప్పేది. ఇప్పుడు అది జీరబోయి, మొరటుగా, గీసుకుపోయినట్టు ఉంటుంది. రోజూ వినే మాకు ఆ తేడా తెలియలేదు. ఆయన ఆ గొంతు వినడం అదే మొదటిసారి.

"ఇట్లా ఎప్పుడయిందే?"

"నువ్వు 'ఏంటీ' అన్నప్పుడల్లా కాస్త కాస్త."

ఆయన చెయ్యి బల్ల మీంచి ముందుకి వచ్చి ఆగింది. ఏదైనా చెప్పమన్నాడు. ఏం చెప్పను అందామె. ఏదైనా చెప్పు, మెల్లగా చెప్పు అన్నాడు. రోజీనా కాస్త సిగ్గుపడి, మమ్మల్ని చూసి, పక్కింటావిడ క్యాబేజీలకి పట్టిన పురుగు గురించి మొదలుపెట్టింది. లోతార్ లేవబోయాడు. గెబ్‌హార్ట్ ఆమె మీంచి కళ్ళు తిప్పకుండానే, చప్పుడు చెయ్యకు, కూర్చో అని చేత్తో సైగ చేశాడు.