ఆకులు లేని తోటలో పాఠం

గాజువాక షేర్ ఆటోలో ముగ్గురి సీటు మీద నలుగుర్ని కూర్చోబెట్టడాన్ని నేనెప్పుడో క్షమించేశాను గానీ, మొన్న వినాయక చవితి ముందురోజు పత్రి అమ్ముకోవడానికి బజారుకు పోతున్న ఒకావిడ తన ఆకుల మూటను నా ఒళ్లో పెట్టడం మాత్రం, ఈ వయసులో, కాస్త ఎక్కువే అనిపించింది. అయితే ఆ మూటలోంచి వావిలాకు ఘాటు ముక్కుకు తగిలేసరికి ఫిర్యాదు మరచిపోయాను.

పెళ్లికి ముందు రోజుల్లో నేనొక కాలేజీలో బోటనీ చెప్పే తాత్కాలిక లెక్చరర్ని. ఉద్యోగం ఖాయమైతేనే పెళ్లని కాబోయే మామగారు చాలా మర్యాదగా చెప్పి ఉన్నారు. మన ప్రాంతపు మందుమొక్కలతో పిల్లలకు పాఠం చెప్పే తోట వేయమని, అది తనిఖీకి వచ్చే అధికారికి నచ్చితే నా సంగతి చూస్తామని ప్రిన్సిపాల్‌గారన్నారు. వెల్లకిలా పడుకున్న మనిషి ఆకారంలో మడులు కట్టించి, పళ్ల దగ్గర ఉత్తరేణి, ఛాతీ మీద దగ్గుకు వాకుడు, మోకాళ్ల దగ్గర వావిలి నాటాను. ప్రిన్సిపాల్‌గారికది పోస్టుమార్టం బల్లలా కనిపించిందట. రోజూ ఆకుల మీద పడే పోర్టు బొగ్గు ధూళి తుడిచి మరీ పాఠం చెప్పేవాణ్ణి.

తనిఖీ చవితి మర్నాడు పడింది. మాది చర్చికి వెళ్లే కుటుంబం. చవితికి సెలవిస్తారని తెలుసు గానీ ఏయే ఆకులు పూజకు పెడతారో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. తీరా వెళ్లి చూస్తే నా మనిషి ఒంటి మీద ఒక్క ఆకు లేదు. పేర్ల బోర్డులు ఇంకా పెయింటర్ దగ్గరే ఉన్నాయి. మామగారు కళ్ల ముందు మెదిలారు.

అధికారి మోకాలి దగ్గరి మోడును చూపించి ఇదేమిటని అడిగారు. నేను నోరు తెరిచేలోపే వెనకనుంచి ఒకమ్మాయి, "వావిలి సార్! మోకాళ్ల నొప్పులికి కాపడం పెడతారు. నిన్న నానే కోసీసినాను" అంది. "ఉత్తరేణి నాను సార్!" అని ఇంకొకడు. క్లాసంతా పోటీపడి నేరం ఒప్పుకుంది. ఆయన మోడులనూ నన్నూ మార్చి మార్చి చూసి, పిల్లలకు పాఠం బాగానే ఒంటబట్టిందని రాసి వెళ్లారు.

వానలకు వావిలి మునుపటికన్నా గుబురుగా చిగిర్చింది. నా పెళ్లీ అయింది. రెంటిలోనూ నేను చేసింది తక్కువే. ఇప్పుడా తోట చోట స్కూటర్ల స్టాండు ఉంది, శుభ్రంగానే ఉంటుంది.

ఆటోలో నా ఒళ్లోని మూట విప్పి చూస్తే, పైన రెండు వావిలి రెమ్మలు, కింద అంతా పార్కు కంచెల్లో కత్తిరించి పడేసే ఆకు. పాత అలవాటు మానుకోలేక, ఇవేమి ఆకులమ్మా అని అడిగాను.

"పూజైపోతే సముద్రంలో పారీసీ ఆకులికి పేర్లెందుకు బాబూ?" అందావిడ.