బయటికి పోవలసిన వేడి

ఆగస్టు రెండో వారంలో సింగపూర్‌లో దిగాను. ఉదయం ఎనిమిదికే చొక్కా వీపుకి అంటుకుంది. జురాంగ్ వెస్ట్‌లో అద్దెగది. సామాను: రెండు జతల బూట్లు, థర్మామీటరు, పాప ఫోటో. సైన్యంలో అయిదేళ్లు జనరేటర్లు చూశాను. యూనిఫాం విడిచాక, జనరేటర్లు పరీక్షించే ఉద్యోగంలో ఇది తొలి డ్యూటీ. పది నెలల పాపను విశాఖలో మావారికీ ఆడపడుచుకీ అప్పగించి వచ్చాను.

ఒక కంప్యూటర్ కంపెనీకి, కరెంటు పోతే సర్వర్లను ఆదుకునే డీజిల్ జనరేటర్. మూసిన గదిలో, పూర్తి లోడుతో ఎనిమిది గంటలు నడవాలి. నడిస్తే నా సంతకం, మర్నాడు ఇంటికి విమానం. లేకపోతే మళ్లీ తేదీ దొరికేదాకా అక్కడే.

డీజిల్ వేడిలో మూడో వంతుకు కాస్త పైన మాత్రమే కరెంటు అవుతుందంటే కంపెనీ మేనేజర్, గుంటూరు అతను, నమ్మలేదు.

“కొంచెం ట్యూన్ చేస్తే సరిపోద్ది కదా మేడమ్?”

అది ప్రోగ్రామ్ కాదన్నాను. ఎంత మంచి ఇంజినయినా కొంత వేడిని బయటికి వదలాల్సిందే. తలూపాడు. కానీ వేడిగాలి పోయే జాలీకి అడ్డంగా కొత్త సర్వర్ల పెట్టెలు పేర్చి ఉన్నాయి. తీసే మనుషులు సోమవారం వస్తారన్నాడు. సగం గాలి పోతుందిలే అనుకున్నాను. టెస్టు వాయిదా వెయ్యలేదు.

తొమ్మిదింటికి స్టార్ట్. లోపల మెకానిక్. నిజామాబాద్ మనిషి, వర్క్ పర్మిట్ మీద వచ్చాడు. పావుగంటకోసారి మీటర్లు చదివి వాకీటాకీలో చెబుతాడు. తలుపు బయట నేను రాసుకుంటాను. పన్నెండుకి గది నలభై మూడు డిగ్రీలు. రెండుకి నలభై తొమ్మిది. గాలి పెట్టెలకు తగిలి వెనక్కి వస్తోంది. ఇంజిన్ దాన్నే పీలుస్తోంది. మూడు నలభైకి అతని మాట ముద్దగా వచ్చింది. ఒకే అంకె రెండుసార్లు తప్పు చెప్పాడు. వచ్చెయ్యమన్నాను.

“ఇంకో గంట, గంటన్నర గద మేడమ్. నడవనియ్యుండ్రి. మీ బిడ్డ కాడికి పోతరు.”

గడియారం చూశాను. అతను చెప్పిన తర్వాతి అంకెలు రాసుకున్నాను. నాలుగూ అయిదుకి ఇంజిన్ ఆపాను.

“బయటికి రా అన్నా. ఇది ఆర్డర్.”

ఆ ఇరవై అయిదు నిమిషాల సంగతి రిపోర్టులో రాయలేదు.

సోమవారం పెట్టెలు తీశారు. పదకొండు రోజులకు మళ్లీ టెస్టు. పాసయింది. విశాఖలో పాప నన్ను చూసి ఆడపడుచు భుజంలో మొహం దాచుకుంది. మూడు రోజులకు గానీ నా చేతికి రాలేదు. ఇప్పుడు పక్కనే నిద్రపోతోంది. దాని ఒళ్లు కాస్త వెచ్చగా తగిలితే చాలు, లేచి కూర్చుంటాను.

ఇంజిన్ ఆపిన ఆ సాయంత్రం మెకానిక్ గడప దాటి బూట్లు విప్పాడు. వాటిలోంచి నీళ్లు కారాయి. గోడ దాకా నడిచి చతికిలబడ్డాడు. నేను మంచినీళ్లకు పరుగెత్తి వచ్చేసరికి, సిమెంటు నేల మీద అతని చెమట అడుగులు అంచుల నుంచి ఆరిపోతున్నాయి.