అలల బండ

మా ఇంటికి బండలు పరచడానికొచ్చిన మేస్త్రీని ఊరంతా మొండోడనేది. నాకు మాత్రం ఆ మాట ఇప్పటికీ పొగడ్తలాగే వినిపిస్తుంది.

ప్రతి బండనూ కోసే ముందు అరచేత్తో తడిమి చూడటం ఆయన అలవాటు. నకరికల్లులో మేం కొత్త ఇల్లు కట్టుకుంటున్నప్పుడు, ఒకరోజు అలా ఒక నాపబండను తడుముతూ ఆగిపోయాడు. దాని మీద వరసగా మెత్తటి గీతలున్నాయి, నీళ్లు ఇప్పుడే వెనక్కి పోయిన ఇసుకలాగా.

"ఇది సముద్రం అడుగండీ. మన పల్నాడంతా ఒకప్పుడు సముద్రమేనంట. క్వారీకొచ్చిన జియాలజీ సారు చెప్పాడు. ఈ గీతలు అలలు గీసినయ్యే" అన్నాడు.

నాన్నకు నచ్చలేదు. "హాల్లో గరుకు బండ ఏందయ్యా? మిషను పెట్టి నున్నగా చెయ్."

"చెయ్యనండి."

"నా ఇల్లు, నా బండ!"

"ఇల్లు మీదే. కోట్ల ఏళ్ల నాటి అల మాత్రం మీదీ కాదు, నాదీ కాదు. నా చేత్తో చెరపను."

"అయితే ఆ రాయి తీసుకుని ఫో!" అని నాన్న అరిచాడు. మేస్త్రీ నిజంగానే దాన్ని భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు. ఆ సంగతి పాకి, ఆయనకు మరో రెండిళ్ల పనీ పోయింది.

నెల తర్వాత వాళ్లింటికి వెళ్లాను. ఆ బండ గుమ్మం ముందు పరిచి ఉంది.

"మా నాన్న వల్ల చానా నష్టపోయావు మావా" అన్నాను.

"పోతే పోయింది. చెప్పులు విడిచి దాని మీద నిలబడమ్మా."

నిలబడ్డాను. అరికాళ్లకు అలలు ఒక్కొక్కటిగా తగిలాయి.

"ఇప్పుడు చెప్పు, అరగదియ్యమంటావా?" అన్నాడు.