మామ్మతో పోట్లాట

ఆ పార్లర్‌లో తలలు కడిగే ఆమెను అందరూ కొత్తమ్మాయి అనే పిలిచేవారు. చెంపల దగ్గర జుట్టు నెరిసినా ఆ పేరు మాత్రం ముసలిది కాలేదు. పెళ్ళి చేసుకుని వేరే దేశం నుంచి వచ్చింది. ఇక్కడి భాష శ్రద్ధగా నేర్చుకుంది. మాటలు సరిగ్గానే ఉండేవి గానీ పలుకులో పుట్టిల్లు దాగేది కాదు.

ఆమె నోరు విప్పితే చాలు, మంచివాళ్ళకి కూడా ఏదో పూనేది. ఆమెకేదో చెవుడున్నట్టు, "నీ-ళ్ళు! చ-ల్ల-గా!" అని గొంతు చించుకునేవారు. "అబ్బ, ఎంత ముద్దుగా మాట్లాడుతుందో!" అని మురిసిపోయే తల్లులు మరికొందరు. కాలేజీ పిల్లకి తల్లయిన మనిషిని పట్టుకుని ముద్దేమిటండీ, నా మొహం! ఆమె మాత్రం బాధ కడుపులో దాచుకుని నవ్వేది. పోనుపోను ఆ నవ్వే మిగిలింది, మాట పోయింది. ఇంట్లో గలగలలాడే మనిషి పార్లర్ గుమ్మం దాటగానే మూగదయ్యేది.

జుట్టు కత్తిరించడం ఆమెకు బాగా వచ్చు. కానీ యజమానురాలిది ఒకటే మాట: "చేతితో పాటు నోరూ ఆడాలమ్మా. మాట్లాడటం మొదలుపెట్టు, కుర్చీ ఇస్తాను."

అలాంటి రోజుల్లో చిరాకు మామ్మ వచ్చింది. ఊరందరితో తగువే ఆవిడకి. తొట్టికి తల ఆనించి, మీద ధార పడిందో లేదో అందుకుంది.

"ఇవేం నీళ్ళే తల్లీ! నాది తలనుకున్నావా, ఈకలు పీకే కోడనుకున్నావా? ముందు చెయ్యి పెట్టి చూసుకోవద్దూ?"

గుక్క తిప్పుకోకుండా, సొంత కోడల్ని తిట్టినట్టే తిట్టింది. కొత్తమ్మాయికి ఒళ్ళు మండింది.

"నీళ్ళు గోరువెచ్చగానే ఉన్నాయి మామ్మా. ఆ వేడి మీ బుర్రలోది!"

యజమానురాలు నాలిక కరుచుకుంది. మామ్మ కళ్ళు తెరిచి ఆమెను ఎగాదిగా చూసింది.

"దీనికి నోరుందే! ఇన్నాళ్ళూ ఏ మూల దాచావే? ఇక నా జుట్టు ఇదే కత్తిరిస్తుంది. మిగతావాళ్ళతో పోట్లాడితే చప్పగా ఉంటోంది."

అలా కుర్చీ వచ్చింది. మామ్మతో పోట్లాడి పోట్లాడి, మిగతావాళ్ళతో మాట్లాడటం సులువైపోయింది. గొంతు చించుకునేవాళ్ళని, "నాకు చెవుడు లేదమ్మా, యాసే ఉంది," అని నవ్వించేది. ఆ రోజు తిట్లు తిన్నందుకు మామ్మకి మనసులో ఎన్ని దణ్ణాలు పెట్టుకుందో.

కొన్నేళ్ళకి మామ్మకి పక్షవాతం వచ్చి మాట ముద్దయింది. కొత్తమ్మాయి తల కడగడానికి ఇంటికే వెళ్ళింది. మంచం చుట్టూ చుట్టాలు.

"మా-మ్మా! మం-చి-నీ-ళ్ళు! కా-వా-లా?"

మామ్మ నవ్వినట్టు పెదవి కదిపి, గోడవైపు తిరిగిపోయింది. ఆ నవ్వు కొత్తమ్మాయికి తెలుసు. తొట్టి పక్కన ఏళ్ళ తరబడి తను నవ్విందే.

అందర్నీ పక్కకు జరిపి, తల కింద బేసిన్ పెట్టి నీళ్ళు పోసింది. మామ్మ ఏదో గొణిగింది.

"మొదలెట్టారూ? వేడిగా ఏం లేవు, ఊరికే వంకలు పెట్టకండి. ఈ జుట్టుకన్నా పిచ్చుక గూడు నయం! దువ్వెన మొహం చూసి ఎన్నాళ్ళయింది?"

"అయ్యో, జబ్బు మనిషిని..." అనబోయారు చుట్టాలు. ఆలోపే మామ్మ ఇటు తిరిగి, కళ్ళెర్రజేసి, ముద్ద మాటలతోనే ఎదురు తగులుకుంది.

కొత్తమ్మాయి చెంబు పక్కన పెట్టి వంగింది.

"సగం అర్థం కాలేదు మామ్మా. మళ్ళీ తిట్టండి."

మామ్మ మళ్ళీ తిట్టింది.