రైలు కిటికీలోంచి పదకొండు మాత్రలు

మా అక్క కూతుర్ని నాలుగో ఏట నుంచీ నేనే పెంచుతున్నాను. దానికి పుట్టుకతోనే హెచ్ఐవీ ఉంది. అక్కా, బావా ఆ జబ్బుతోనే పోయారు. రోజూ రాత్రి మాత్ర వేసుకుంటే అందరిలాగే పెరుగుతుందని తెనాలి ఆసుపత్రిలో చెప్పారు. అలాగే పెరిగింది. బళ్లో పరుగుపందెం పెడితే దానిదే మొదటి స్థానం.

రేపల్లెలో మా వీధి వీధంతా నా నోటికి జడుస్తుంది. అంత నోరున్న నేనే మందు డబ్బా మీద కాగితం గోకేసి, బియ్యం డ్రమ్ము వెనక దాచేదాన్ని. ఎవరైనా చూస్తే బలం మాత్రలని చెప్పేదాన్ని.

కిందటేడు వేసవిలో బాపట్లలో మా ఆడపడుచు కొడుకు పెళ్లి. పదకొండు రోజులు అక్కడే మకాం. ఇల్లంతా చుట్టాలు, ఒక్కో గదిలో పదిమంది పడక. డబ్బా ఎవరి కంటైనా పడితే పిల్లను భోజనాల దగ్గర విడిగా కూర్చోబెడతారని, డబ్బాను ఇంట్లోనే వదిలేశాను. అది పిల్ల మీద ప్రేమే అనుకున్నాను. కాదు, నా పరువు గురించిన భయం. రెండో రాత్రి పిల్ల నా చెవిలో గొణిగింది.

"పిన్నీ, మాత్ర?"

"ఇంటికెళ్లాక వేసుకుందువులే, నోర్ముయ్."

ఆసుపత్రికి వెళ్లినప్పుడల్లా కౌన్సిలర్ మేడం డబ్బా బోర్లించి, మిగిలిన మాత్రలు లెక్కపెడతారు. ఎక్కువ మిగిలితే మానేసినట్టే. అందుకని పెళ్లి నుంచి వచ్చాక ఆసుపత్రికి వెళ్తూ, తెనాలి పాసింజర్లో, భట్టిప్రోలు దాటాక, పదకొండు మాత్రలు కిటికీలోంచి విసిరేశాను. పిల్ల చూస్తూనే ఉంది. లెక్క సరిపోయింది. మేడం మెచ్చుకుంటే నవ్వాను కూడా, సిగ్గులేనిదాన్ని.

ఆ రోజే చేసిన రక్తపరీక్ష ఫలితం మరుసటి నెల వచ్చింది.

"వైరస్ పెరిగిందమ్మా. రోజూ వేసుకుంటున్నా పెరిగిందంటే ఈ మందు పనిచెయ్యట్లేదేమో. మార్చాలంటే పిల్లలకి ఎక్కువ రకాలు లేవు" అన్నారు మేడం.

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. పక్కనుంచి పదేళ్ల పిల్ల అంది:

"నేనే ఉమ్మేశానండి. చాలా రోజులు. పిన్నికి తెలీదండి."

మేడం గట్టిగానే కోప్పడ్డారు. మీ పిన్ని నీకోసం ఎంత కష్టపడుతోందో చూడమన్నారు. అది తల వంచుకుని వింది. నేనూ విన్నాను.

వరండాలోకి వచ్చాక అడిగాను, "ఎందుకే అలా చెప్పావు?"

"నిన్ను తిడితే మళ్లీ నన్ను ఇక్కడికి తీసుకురావేమోనని."

వెనక్కి వెళ్లి జరిగిందంతా చెప్పాను. మేడం నన్ను ఒక్క మాటా అనలేదు. మందు మార్చకుండా మూడు నెలలు చూద్దామన్నారు. పిల్లను లోపలికి పిలిచి, రెండు చేతులూ పట్టుకుని, "తప్పు నాదమ్మా, నిన్ను ఊరికే తిట్టాను" అన్నారు.

మూడు నెలలకి వైరస్ తగ్గింది. ఇప్పుడు రోజూ రాత్రి మాత్ర నేనే చేతికిస్తున్నాను, అది వేసుకుంటోంది. తప్పు నాదని మాత్రం దానితో నేనింతవరకూ అనలేదు.