అయ్యగారికి రెండో బాప్తిస్మం

ఆ రోజుల్లో మా నంద్యాల సంఘంలో బాప్తిస్మం తీసుకోవాలంటే భక్తి ఒక్కటే చాలదు, కాలువలో నీళ్లు కూడా ఉండాలి. నాకు భక్తికి లోటు లేదు గానీ నీళ్లంటే చచ్చేంత భయం. (తలంటుకు కూడా పక్కింట్లో దాక్కునే రకాన్ని.) అలా వాయిదా వేస్తూ ఆళ్లగడ్డలో టీచరుద్యోగం వచ్చేదాకా లాక్కొచ్చాను. చివరికి చూపు మందగిస్తున్న మా జేజి, అంటే మా నాయనమ్మ, పట్టు పట్టింది. "నా కండ్లు కనపడతాండగానే నువ్వు నా పక్కన కూచోని సంస్కారం తీసుకోవాలమ్మే. ఇంగెప్పుడు మునుగుతావ్?" అంది. (బాప్తిస్మం కానివాళ్లకు సంస్కారపు రొట్టె, ద్రాక్షరసం ఇవ్వరు.) కాదనలేకపోయాను.

తీరా సంస్కారపు ఆదివారం పొద్దున్నే తెల్లబట్టల్లో పాటలు పాడుకుంటూ వెళితే, గోస్పాడు దారిలో కాలువ ఎండి ఉంది. (లోలోపల స్తోత్రం చెప్పుకున్నాను.) కానీ జేజి ముఖం చూశాక ఆ సంతోషం నిలవలేదు. అంతలో మా పాట విని పక్క తోట పెద్దాయన వచ్చాడు. "ఏందప్పా, అట్ల నిలబడినారు? మా బావి కాడికి రాండి, మోటారేస్తా" అన్నాడు. అంతవరకూ మావాళ్లు ఆ తోటకు కూలికి వెళ్లడమే గానీ ఇలా వెళ్లింది లేదు. సిమెంటు తొట్టి మోకాలి లోతు నిండిందో లేదో, కరెంటు పోయింది. ఇది చాలదా అని ఆశగా అడిగాను. "పాత మనిషిని పాతిపెట్టి కొత్త మనిషిగా లేచేదే గదమ్మా దీనర్థం! సగం పాతిపెడితే ఎట్ల?" అన్నారు పాస్టరు అయ్యగారు.

"బిందెలు తెండి!" అని అరిచింది జేజి. బావి నుంచి తొట్టి దాకా వరుసగా నిలబడి బిందెలు చేతులు మార్చారు. పెద్దాయన భార్య కూడా కొంగు దోపుకుని జేజి పక్కనే నిలబడింది. పెద్దాయనకు మాత్రం ఒక దిగులు పట్టుకుంది. "అయ్యగారూ, ఈ పాపాలు కడిగిన నీళ్లు మా వరిమడికే పోతాయి. పైరుకేం కాదు గదా?"

"నీళ్లకేం అంటదు పెద్దాయనా. పాపం మోసేటాయన వేరే ఉండాడు."

నా వంతు వచ్చింది. అయ్యగారు నన్ను వెనక్కి వంచగానే భయంతో ఆయన చొక్కా గట్టిగా పట్టుకున్నాను. ఇద్దరం కలిసే మునిగాం. లేచేసరికి సంఘమంతా పాట మరిచిపోయి నవ్వుతోంది. "అయ్యగారూ, మీకూ కొత్త జన్మమే!" అంది జేజి. ఆయనా నవ్వుతూ కళ్లజోడు కోసం తొట్టిలో దేవులాడుకున్నారు.

ఆరని జడతోనే గుడిలో జేజి పక్కన కూర్చుని సంస్కారం తీసుకున్నాను. ఆవిడ నా చెయ్యి తడుముతూ గుసగుసగా అడిగింది: "నా బిందె నీళ్లు నీకు తగిలినాయా?"

"నెత్తిమీదనే తగిలినాయి జేజీ."

ఇప్పుడు మా గుడిలో టైల్సు తొట్టి ఉంది. కుళాయి తిప్పితే నిండుతుంది, ఎవరూ బిందె పట్టనక్కర్లేదు. అది నిండుతుంటే నాకు జేజి గుర్తొచ్చి కళ్లు చెమరుస్తాయి. అయ్యగారి చొక్కా పట్టుకు వేలాడిన ఆ పిరికిపిల్లను తలుచుకుని నవ్వొస్తుంది కూడా. అంతమంది మోసి పోసిన నీళ్లలో మునిగింది, ఎంత అదృష్టవంతురాలో దానికప్పుడు తెలియలేదు.