ముక్క లేని బల్ల

మా అమ్మాయి సంబంధం ఖాయమయ్యాక అబ్బాయి తల్లిదండ్రులు మొదటిసారి మా ఇంటికి భోజనానికి వస్తున్నారు. వచ్చేది కల్వకుర్తి నుంచి, అదీ ఆదివారం సాయంత్రం. గొర్ల మందలు మేపుకుని బతికిన కుటుంబాలు మావి, వాళ్లవి కూడా. మా వాళ్లలో వియ్యంకుడు గడప తొక్కాడంటే యాట, అంటే మేకో గొర్రో, తెగాల్సిందే. కార్జం వేయించి ముందుగా ఆయన పళ్లెంలోనే వేయాలి. అది లేకపోతే పిలిచి అవమానించినట్టు.

నేను తులసి మాల వేసుకుని చాలా ఏళ్లయింది. అప్పటి నుంచి మా పొయ్యి మీదికి మాంసం ఎక్కలేదు. మా ఆయనా, పిల్లా బయట తింటారు, నేను వద్దనను. కానీ ఇంట్లో వండింది ఏదైనా ముందు స్వామి ముందు పెట్టాకే మేం తింటాం. స్వామి ముందు పెట్టలేనిది ఇంట్లో వండను. నా నియమం అంతే. ఒక్క పూటకు దాన్ని పక్కన పెట్టమని ఇంటిల్లిపాదీ నన్ను అడిగారు.

అందరికన్నా గట్టిగా అడిగింది మా ఆయన అన్న, నాకు బావ. వారం ముందే వచ్చి వరండాలో కూర్చున్నాడు.

"మరదలా, నీ భక్తి నీకుండనియ్యి. యాట నేను తెస్త. పెరట్ల కట్టెల పొయ్యి పెట్టి నేనే వండుత. నువ్వు ముక్కు మూసుకొని లోపట కూసో."

"పెరట్ల పొయ్యి పెడితే అది నా పొయ్యి కాదా బావా?"

"అబ్బో! బాపనోళ్లింట్ల పుట్టినట్టు మాట్లాడ్తవేంది? మీ బాపు మందల పెరిగినదానివే గద నువ్వు?"

మా బాపు మంద సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈనలేక తల్లడిల్లే గొర్రె కడుపులో చెయ్యి పెట్టి పిల్లను బయటికి తీసినదాన్ని. మాంసం తినేవాళ్లు తక్కువవాళ్లని నేనెన్నడూ అనుకోలేదు. తినే పెరిగాను. ఎవరికన్నా పైకెక్కడానికి మానలేదు. స్వామికి మాట ఇచ్చాను. ఇచ్చాక రోజూ పొద్దున ఆ ముఖం చూడాల్సింది నేనే కదా.

"ఇజ్జత్ పోతది, పిల్ల సంబంధం పోతది, నీకేం ఫికర్ లేదు" అంటూ బావ లేచి వెళ్లిపోయాడు. అమ్మాయి మాత్రం మెల్లగా, "ఒక్క దినమే గదమ్మా" అంది. ఆ మాటే నాకు ఎక్కువ గుచ్చుకుంది. సంబంధం తనది. మాట పట్టింపు నాది.

ఏకాదశికి మేం పురాణం చదువుకునే భజన మందిరంలో ఒక పెద్దమనిషి ఇంకో దారి చూపించాడు.

"వచ్చేటోళ్లు తింటరు, తాగుతరు. వరండాల విస్తర్లేసి పెట్టు తల్లీ. నైవేద్యం పళ్లాలు ముట్టనియ్యకు."

మనిషిని బయట కూర్చోబెట్టి ఆకులో పెట్టడం అంటే ఏమిటో మా అవ్వకు తెలుసు. పెద్ద రైతుల ఇళ్లకు పోయినప్పుడు ఆమెకు అలాగే పెట్టేవారు. "అది నాతోని కాదయ్యా" అన్నాను. రాజు పిలిచిన విందును స్వామి వదిలేసి, దాసి కొడుకు ఇంటికి నడిచిపోయి తిన్నాడన్న కథను ఆ మందిరంలోనే నాతో చదివించారు. చదివింది చేతల్లోకి రాకపోతే చదవడం ఎందుకు? వచ్చేవాళ్లు నా పళ్లాల్లోనే తింటారు, నా బల్ల మీదనే తింటారు, స్వామికి పెట్టిందే తింటారు. అటు బావకూ ఇటు మందిరానికీ నా జవాబు ఇదే.

అందుకని ఆ బల్లను పంతం పట్టి సర్దాను. తెల్లటి నేత గుడ్డ కొని, పాత నారాయణపేట చీర అంచు విప్పి చుట్టూ కుట్టాను. గంజి పెట్టి, కొంచెం చెమ్మ ఉండగానే ఇస్త్రీ చేస్తే మెరూన్ అంచు బల్ల చుట్టూ ముడత లేకుండా నిలిచింది. కంచు పళ్లాలను చింతపండుతో తోమి, పొడిగుడ్డతో తుడిచి, మళ్లీ తుడిచి, బల్ల అంచుకు సమంగా ఉన్నాయో లేదో వంగి చూసుకుంటూ పెట్టాను. పళ్లెం పక్కన రాగి గ్లాసు, మడిచిన చేతిగుడ్డ. మధ్యలో ఎత్తు పూలగుత్తి వద్దనుకున్నాను. ఎదురుగా కూర్చున్నవాళ్ల ముఖం కనబడని బల్ల మీద మాటలు సాగవు. వెడల్పాటి ఇత్తడి గిన్నెలో నీళ్లు పోసి పసుపు చామంతులు వేశాను. చుట్టాన్ని గొంగడి మీద కూర్చోబెట్టడం మా మర్యాద. బల్ల వచ్చినంత మాత్రాన ఆ మర్యాద ఎందుకు పోవాలి? కుర్చీలు ఒక పక్కకు జరిపి, బెంచీ వేసి, దాని మీద నల్ల గొంగడి మడిచి పరిచాను.

అమ్మాయి చూసి, "పెద్ద హోటల్ల గూడ గిట్ల ఉండదమ్మా. ఎవరు నేర్పిన్రు?" అంది. ప్రతిరోజూ స్వామి ముందు పళ్లెం పెట్టే చేతికి బల్ల సర్దడం ఒకరు నేర్పాలా?

అయితే వంటలో ఒక పొరపాటు చేశాను. గుత్తి వంకాయ, చిక్కుడుకాయ టమాట, పాలకూర పప్పు, పచ్చిపులుసు, పూర్ణం పెట్టి కాల్చిన బచ్చాలు, వాటితోపాటు బగార అన్నం. మసాలా దినుసులు, పుదీనా వేసి ఘుమఘుమలాడేలా వండాను. పండగ వంటలా ఉండాలన్న ఆశలో అసలు సంగతి మరిచాను. మా వైపు బగార వాసన వచ్చిందంటే వెనకాల మటన్ ఉందనే లెక్క.

వియ్యంకుడు గుమ్మంలోనే గట్టిగా పీల్చాడు. "బగార! వాసనకే కడుపు నిండేటట్టున్నది చెల్లె" అన్నాడు. ఎరువుల దుకాణం నడిపే మనిషి, గట్టి గొంతు. ఆయన భార్య బల్ల చుట్టూ ఒకసారి తిరిగి అంచు పట్టుకుని చూసింది. నేను గంట కొట్టి నైవేద్యం పెట్టేదాకా ఇద్దరూ ఓపిగ్గా నిలబడ్డారు. తర్వాత, ఆరోజు అలిగి వెళ్లిన బావతో సహా అందరూ కూర్చున్నారు. వడ్డించాను.

వియ్యంకుడు పళ్లెం నిండా బగార పెట్టించుకున్నాడు. వంకాయ వద్దన్నాడు. పప్పు వద్దన్నాడు. చేతులు బల్ల మీద పెట్టుకుని వంటింటి వైపు చూస్తూ కూర్చున్నాడు. ఎందుకు చూస్తున్నాడో అప్పుడు అర్థమైంది. మా ఆయన తల వంచుకుని పచ్చిపులుసు కలుపుకుంటున్నాడు. అమ్మాయి నా వైపే చూస్తోంది.

"కూర రానియ్యి చెల్లె, అన్నం సల్లారుతది."

"ఉన్న కూరలన్నీ బల్ల మీదనే ఉన్నయ్ అన్నా. మా ఇంట్ల ముక్క వండం."

"ఆదివారం నాడా?" అన్నాడు ఆయన, నమ్మలేనట్టు.

బావ అప్పటికే లేచాడు. "ఫికర్ చెయ్యకుండ్రి. నాకు తెల్సు ఈమె సంగతి. మా ఇంట్ల వండించి కారియర్ తెచ్చిన. కార్ల ఉన్నది."

నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. "ఈ బల్ల మీదికి రాదు బావా."

"సరే తల్లీ, నీ బల్ల నీకే ఉండనియ్యి. మేం వరండాల కూసుంటం."

"మీరు వరండాల తింటే చుట్టాలను నేను బయట కూసోబెట్టినట్టే. అది గూడ కాదు."

"మరేం జెయ్యాలె? ఉపాసముండాల్నా?"

"ఈన్నే కూసొని తినాలె. ఇది స్వామి ముందు పెట్టి తెచ్చిన అన్నం. ఇంతకంటె పెద్ద మర్యాద నా తాన లేదు. ఉంటే అదే చేస్తుంటి."

గుమ్మం దగ్గర్నుంచి నేను కదల్లేదు. వియ్యంకుడి ముఖం ఎర్రబడింది. "ముందుగాల ఒక్క మాట చెప్తే ఏం పోయేది చెల్లె?" అన్నాడు.

"చెప్తే వస్తుంటివా అన్నా?"

ఆయన "ఎందుకు రాకపోతుంటి?" అన్నాడు.

అప్పుడు ఆయన భార్య తన పళ్లెం ముందుకు జరిపింది. "వదినా, నాకు వంకాయ వెయ్యి" అంది. ఆపైన మొగుడి వైపు తిరిగి, "శనివారం శనివారం ముక్క ముట్టవు గద? ఇయ్యాల గూడ శనివారమే అనుకో. ఆకలైతాంది, కానియ్యి" అంది.

"రేపు గూడ శనివారమే అంటవు నువ్వు" అన్నాడు ఆయన. బావ ఒక్కడే నవ్వాడు, అదీ కోపంతో నవ్విన నవ్వు. వియ్యంకుడు వంకాయ వేయించుకున్నాడు. మొదట కొద్దికొద్దిగా తిన్నాడు. రెండోసారి అడగలేదు. బచ్చం మీద మాత్రం నెయ్యి వేయించుకున్నాడు. పళ్లెంలో ఒక్క మెతుకు వదల్లేదు. బావ గోడకు ఆనుకుని నిలబడ్డాడు తప్ప, ఎంత పిలిచినా బల్ల దగ్గరికి రాలేదు.

వెళ్లేటప్పుడు వియ్యంకుడు చెప్పులు తొడుక్కుంటూ అన్నాడు: "పెండ్లికి మాత్రం మా దగ్గర యాటలు తెగుతయ్ చెల్లె. అప్పుడు అడ్డం పడొద్దు."

"మీ ఇల్లు, మీ ఇష్టం అన్నా. నేనొచ్చి పెరుగన్నం తింట. గని నా పళ్లెం మీ బల్ల మీదనే పెట్టుండ్రి. భక్తురాలని పక్కకు కూసోబెడితే ఒప్పుకోను."

"పక్క పళ్లెంల ముక్కలుంటయ్ మరి. ఓర్సుకుంటవా?"

"మీరు ఇయ్యాల ఓర్సుకున్నరు గద."

ఆయన కారెక్కాడు.

పెళ్లి జరిగింది. బావ మాత్రం ఇప్పటికీ మా ఇంట్లో మంచినీళ్లు తాగి వెళ్లిపోతాడు, భోజనానికి కూర్చోడు. అమ్మాయి ఒక్కోసారి అడుగుతుంది: "ఆ దినం మా మామ బల్ల మీదికెల్లి లేచి పోతే ఏం చేస్తుంటివమ్మా?" నిజంగా లేచి వెళ్లిపోతే నా బిడ్డ ముఖం ఎలా చూసేదాన్నో నాకు తెలియదు. ఆ భయం ఆ సాయంత్రమంతా నన్ను వదల్లేదు. అయినా మళ్లీ అదే ఆదివారం వస్తే అదే గుడ్డ పరుస్తాను, అవే పళ్లాలు పెడతాను, అందరినీ లోపలికే పిలుస్తాను. బల్ల మీద ఏముండాలో మాత్రం నేనే చెబుతాను.